తొండం చూసినవాడు, ఈనెలు చూసినవారు

పాలియోగ్నోరిస్టే అనే కీటక ప్రజాతికి ఇప్పుడు రెండు చిరునామాలున్నాయి. ఒకటి బాల్టిక్ సముద్ర తీరం, రెండోది గుజరాత్‌లోని సూరత్ జిల్లా. మొదటి చిరునామా రాసింది బెల్జియం శాస్త్రజ్ఞుడు ఫెర్నాండ్ మ్యూనియే, 1904లో, ఫ్రెంచిలో. రెండోది రాసింది ఫ్రౌకే స్టెబ్నర్, హుకమ్ సింగ్, యెస్ రుస్ట్, డేవిడ్ గ్రిమాల్డీ కలిసి, 2017లో, ‘పీర్‌జే’ పత్రికలో. నడుమ 113 ఏళ్లు. ఉభయుల ముందూ ఉన్నది అంబర్‌లో చిక్కుకున్న పొడుగు తొండపు పుట్టగొడుగు ఈగే. కొత్త జాతిని వర్ణించడం అనే రచన ఈ శతాబ్దంలో ఎక్కడ బాగుపడిందో, ఎక్కడ ఉన్నచోటే ఉండిపోయిందో చూడడానికి ఇంతకన్నా అనువైన జంట నాకు తోచలేదు. ఈ రెంటికీ తోడుగా 2023లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’లో వచ్చిన రాబ్సనోమియా హెన్నింగ్సెనీ అనే మరో అంబర్ పుట్టగొడుగు ఈగ వర్ణననూ పక్కన పెట్టుకుంటున్నాను. అది డెన్మార్క్ మ్యూజియంలో ఉన్న అంబర్ ముక్క ఆధారంగా పోలండ్‌లోని లోడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పని.

ముందు ఈ ఈగల సంగతి. పుట్టగొడుగులు పెంచేవాళ్లకు వీటి దగ్గరి చుట్టాలు బాగా పరిచయం. కంపోస్టు సంచుల చుట్టూ ముసిరే సియారిడ్ ఈగలు ఆ బాపతే. కుండీలకు నీళ్లు ఎక్కువ పోసే ఇళ్లలో మట్టిలోంచి లేచే నల్లటి నలుసులు కూడా అవే. చూపుకి దోమలా ఉంటుంది, కుట్టదు. వీపు గూనిగా, కాళ్లు పొడుగ్గా, కాలి మధ్యభాగం చివర ముళ్లతో ఉంటుంది. పిల్ల పురుగులు ఎక్కువగా బూజు, పుట్టగొడుగులు, కుళ్లిన కర్ర తిని బతుకుతాయి. కెరోప్లాటిడే కుటుంబంలో కొన్ని మాత్రం సాలెపురుగుల్లా దారాలు అల్లి వేటాడతాయి. న్యూజిలాండ్‌లోని వైటోమో గుహల కప్పున వెలుగుతూ పర్యాటకుల్ని రప్పించేవి ఆ కుటుంబపు పిల్ల పురుగులే. తేమ అడవి, పుచ్చిన మాను, దాని పక్కనే బంక కారే చెట్టు: ఈ ఈగలు అంబర్‌లో అంత తరచుగా దొరకడానికి ఇంతకు మించిన కారణం వెతకనక్కర్లేదు.

మ్యూనియే పుస్తకం నాలుగు కుటుంబాల ఈగల మీద రాసిన పెద్ద గ్రంథం. గాల్ ఈగలు, సియారిడ్లు, మైసెటోఫిలిడ్లు, కైరోనమిడ్లు అన్నీ అందులోనే. బ్రస్సెల్స్ సైంటిఫిక్ సొసైటీ వార్షిక సంపుటంలో రెండొందల పేజీలకు పైగా వచ్చింది, చివర చిత్రఫలకాలతో. అతనికి ముందు ఈ పొలంలో నాగలి పట్టింది హెర్మన్ లోవ్. ఆయన 1850లో మెసెరిట్జ్ నుంచి వెలువరించిన చిన్న గ్రంథంలో బాల్టిక్ అంబర్ ఈగలకు పేర్లు ధారాళంగా పెట్టేశాడు, వాటికి తగిన వర్ణన మాత్రం చాలాచోట్ల ఇవ్వలేదు. పేరుంది, మనిషి ఎవరో తెలియదు. మ్యూనియే ఆ పేర్లలో కొన్నింటికి ఒళ్లు ఇచ్చాడు. ఈ సంగతి మరిచి ఆయన్ను ఈనాటి కొలబద్దతో కొట్టడం అన్యాయం.

కొట్టాల్సిన చోటు వేరే ఉంది. పాలియోగ్నోరిస్టేని మ్యూనియే ఎక్కడ కూర్చోబెట్టాడో చూడండి. ఈనాటి గ్నోరిస్టే అనే ప్రజాతి మైసెటోఫిలిడే కుటుంబానిది, దానికీ పొడుగు తొండం ఉంది. అంబర్‌లోని ఈగకూ ఉంది. కనుక ఇది ‘పాత గ్నోరిస్టే’ అయింది. తొండం అంత ప్రస్ఫుటంగా కనబడుతుంటే చూపు మరోచోటికి పోవడం కష్టమే. కానీ పూలలోంచి తేనె తాగే కీటకానికి తొండం సాగడం ఒక్కసారే జరగాలని లేదు. ఒకదానికొకటి సంబంధం లేని గుంపుల్లో అది విడివిడిగా సాగగలదు. ఈ ఈగ చుట్టరికం చెప్పేది రెక్క: నడిమి ఈనెల మొదళ్లు చెరిగిపోయి, కొమ్మలు మాత్రం రెక్క అంచువైపు మిగిలిపోవడం. లైగిస్టొరైనిడే అని తర్వాత స్థిరపడిన గుంపుకు అది గుర్తు. పాలియోగ్నోరిస్టే చివరికి ఆ గూటికే చేరింది.

గూడు మారింది, పేరు మారలేదు. నామకరణ నియమాల ప్రకారం మారడానికి వీల్లేదు కూడా. అక్కడితో ఆగినా బాగుండేది. 2004లో వ్లాదిమిర్ బ్లాగొదెరోవ్, గ్రిమాల్డీ క్రెటేషియస్ అంబర్లలోని ఈ గుంపు ఈగలను వర్ణించినప్పుడు ప్రొటోగ్నోరిస్టే, ప్లెసియోగ్నోరిస్టే, ఆర్కియోగ్నోరిస్టే, లెప్టోగ్నోరిస్టే అని వరసగా పెట్టుకుంటూ పోయారు. గ్నోరిస్టేకి వీటితో దగ్గరి చుట్టరికం లేదని ఆ ఇద్దరికీ నాకన్నా వెయ్యిరెట్లు బాగా తెలుసు. అయినా 1904 నాటి తొండం వాళ్ల పేర్లలో ఊగుతూనే ఉంది. ఇది వంశనామంగా మిగిలిందనుకుని ఊరుకోవచ్చు. బాగా రాయగలిగిన తర్వాతి తరం కూడా పాత పొరపాటును తీపిగుర్తులా మెడలో వేసుకుని తిరగడం నాకైతే ముచ్చటగానే ఉంది.

ఇంతకీ మ్యూనియే వ్యాఖ్య కూలింది, ప్రజాతి నిలిచింది. ఎలా నిలిచింది? అతని తీర్పు తప్పయినా, తీర్పుకు ముందు రాసిన సాక్ష్యం పనికొచ్చింది కనుక. మ్యూనియేను నేను ఈ ముగ్గురిలో చివర పెట్టినా కొట్టిపారెయ్యలేకపోవడానికి కారణం అదే. వర్ణనకు నా కొలత ఒక్కటే: రచయిత అభిప్రాయాన్ని పక్కకు తీసేశాక ఏం మిగులుతుంది? మిగిలినదాంతో మరొకడు అతణ్ణి కాదనగలడా? కాదనడానికి సరిపడా సామగ్రి ఇవ్వని వర్ణన, అందులోని తీర్పు నిజమే అయినా, లోవ్ పేర్ల జాబితాకు దగ్గరి చుట్టమే.

ఈ కొలతకు మ్యూనియే సగం నిలుస్తాడు. మిగతా సగం అతని కాలం తప్పు, కొంత అతని తప్పు. ఫలానా నమూనానే ఈ పేరుకు ఆధారం, అది ఫలానా చోట ఉంది అని కచ్చితంగా ప్రకటించాలన్న నియమం అప్పట్లో లేదు. దగ్గరి జాతుల నుంచి దీన్ని వేరుచేసే లక్షణాలు చెప్పి తీరాలన్న షరతు కూడా 1930 తర్వాత వచ్చిన పేర్లకే వర్తిస్తుంది. అతను పరిశీలించిన అంబర్‌లో పెద్ద భాగం కోనిగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ సేకరణది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సేకరణ చెల్లాచెదరైంది. గోటింగెన్‌కు చేరిన భాగం దక్కింది. నమూనా దొరకని పక్షంలో ఆ ఫలకాలే సాక్షులు. అందుకే అతని తొందర మనల్ని బాధిస్తుంది. ఒక్క గ్రంథంలో అన్ని కుటుంబాలు, అన్ని జాతులు. చదువుతుంటే ఊపిరి తీసుకోడానికి ఆగడే అనిపిస్తుంది. ప్రతి ఈగకూ ఇంకో అరపేజీ కేటాయించి ఉంటే తర్వాతివాళ్ల పని ఎంత తగ్గేదో!

ఇక సూరత్ జిల్లా. అక్కడి వాస్తాన్, తడకేశ్వర్ లిగ్నైట్ గనుల్లో బొగ్గు పొరల మధ్య దొరికేదాన్ని కాంబే అంబర్ అంటారు. వయసు దాదాపు 5.4 కోట్ల ఏళ్లు. 2010లో రుస్ట్ బృందం అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో దీన్ని లోకానికి పరిచయం చేసినప్పుడు 700కు పైగా కీటకాదులు బయటపడ్డాయని రాసింది. ఈ బంక కార్చింది డిప్టెరోకార్ప్ కుటుంబపు చెట్లు. మనకు ఆ కుటుంబం కొత్తదేం కాదు. గుగ్గిలం ఇచ్చే సాలవృక్షం అదే కుటుంబం. శేషాచలం కొండల్లో తప్ప ఎక్కువచోట్ల కనబడని తంబజాలారి కూడా అదే. పొగవేసే గుగ్గిలానికీ, సూరత్ గనిలోని అంబర్‌కూ రసాయన స్వభావం ఒక్కటే కావడం ఇక్కడ కబుర్ల కోసం చెప్పడం లేదు. వర్ణన నాణ్యతకు అది నేరుగా సంబంధించిన విషయం. బాల్టిక్ అంబర్ శంకుధారి చెట్లది. దాని అణువులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉంటాయి, ద్రావకంలో పూర్తిగా కరగవు. కాంబే అంబర్ కరుగుతుంది. కీటకాన్ని బయటికే తీయొచ్చు. ఆ పద్ధతిని 2014లో విడిగా ఒక వ్యాసంగా ప్రచురించారు కూడా. బాల్టిక్ ముక్కలో కీటకం ఒక పక్కకు వాలి ఉంటే, ఆ పక్క చూడాలంటే ముక్కను అరగదీయాలి. చాలాసార్లు శరీరం చుట్టూ పాలమీగడలాంటి తెల్లపొర అడ్డుపడుతుంది. దాని వెనక ఏముందో మ్యూనియేకి తెలిసే దారి లేదు.

2017 వ్యాసం మూడు కొత్త జాతులను వర్ణించింది. లైగిస్టొరైనా ఇండికా, ఇప్పటికీ జీవించి ఉన్న ప్రజాతికి దొరికిన అతి పాత శిలాజం. ఇండోరైనా సాహ్నీ, కొత్త ప్రజాతి. పాలియోగ్నోరిస్టే ఓరియెంటాలే, అంతవరకూ బాల్టిక్‌కే పరిమితమైన ప్రజాతికి తూర్పున మొదటి సభ్యురాలు. ఈ మూడింటినీ మ్యూనియే అయితే మూడు పేజీల్లో ముగించేవాడు. వీళ్లు తొందరపడలేదు. పేరు పెట్టడానికి కారణం ఒకచోట, ఆధార నమూనా ఏది, ఎక్కడ ఉందో ఒకచోట, వేరుచేసే లక్షణాలు ఒకచోట, పూర్తి వర్ణన ఒకచోట, దాని మీద తమ అభిప్రాయం మరోచోట. ఈ గదుల విభజన చూసి రచన యాంత్రికమైపోయిందని పెదవి విరిచేవాళ్లున్నారు. నాకు అది నచ్చుతుంది. సాక్ష్యమూ తీర్పూ కలిసిపోకుండా మధ్య గోడ కట్టడమే ఆ విభజన చేసే మేలు. మ్యూనియే గ్రంథంలో తొండాన్ని చూడడమూ, దాన్ని గ్నోరిస్టే పక్కన కూర్చోబెట్టడమూ ఒకే ఊపులో జరిగిపోయినట్టుంటుంది. ఇక్కడ అలా జరగడానికి రచనా రూపమే ఒప్పుకోదు. నమూనాలు లఖ్‌నవూలోని బీర్బల్ సాహ్నీ సంస్థలో ఉన్నాయి. అనుమానమున్నవాళ్లు రైలెక్కి వెళ్లి చూసుకోవచ్చు. దొరికింది ఈ నేలలో, వర్ణించినవాళ్లలో జర్మన్లూ అమెరికనూ ఉన్నారు, రాయి మాత్రం ఈ దేశంలోనే ఉంది. బర్మా అంబర్ శిలాజాలు దేశం దాటిపోయిన తీరు గుర్తున్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఇండోరైనాను వర్ణించిన తీరు నాకు అన్నిటికన్నా ఇష్టం. దాని లక్షణాలు కొన్ని లైగిస్టొరైనాతో కలుస్తాయి, కొన్ని ఆగ్నేయాసియాలో ఇప్పుడున్న ఆసియోరైనాతో కలుస్తాయి. ఈ రెంటిలో దేనిలోకైనా నెట్టేసి ఉండొచ్చు. లేదా వెంటనే ‘రెంటికీ తల్లి’ అని బిరుదివ్వొచ్చు. పత్రికల వాళ్లకు తరచూ కావాల్సింది అదే. రచయితలు ఏ పని చేయకుండా, రెండువైపులా పోలికలున్నాయని రాసి, వేరే ప్రజాతిగా నిలబెట్టారు. ఎటూ తేల్చకపోవడం కూడా ఒక తీర్పే. దానికి గుండెధైర్యం కావాలి.

అయితే ఇదే వ్యాసం పాలియోగ్నోరిస్టే ఓరియెంటాలే దగ్గరికొచ్చేసరికి పట్టు కాస్త సడలించిందని నా అభిప్రాయం. వాదన ఇలా సాగుతుంది: బాల్టిక్‌లో ఉన్న ప్రజాతి కాంబేలోనూ ఉంది, కాంబే కొంచెం పాతది, కాబట్టి యురేషియాతో జీవజాల సంబంధం ఉంది, భారత ఉపఖండం అనుకున్నంత ఒంటరిగా లేదు. మడగాస్కర్ నుంచి దాదాపు 9 కోట్ల ఏళ్ల క్రితం విడివడి, సముద్రం మధ్య ఒంటరిగా ప్రయాణించి, యురేషియాను ఢీకొన్న భూభాగం అన్నప్పుడు దాని జీవులు ప్రత్యేకంగా ఉండాలి కదా, కాంబే అంబర్‌లో అలా కనబడడం లేదన్నది 2010 వ్యాసం నుంచీ వస్తున్న మాట. మొత్తం సేకరణను బట్టి ఆ మాట బలమైనదే. కానీ ఈ ఒక్క ఈగ ఆ బరువును ఎంతవరకు మోస్తుంది? పాలియోగ్నోరిస్టే అనే ప్రజాతిని కలిపి ఉంచే లక్షణాలు కొత్తగా సంతరించుకున్నవా, లేక పూర్వీకుల నుంచి వచ్చి ఇంకా పోకుండా మిగిలినవా? రెండోదైతే రెండు ఖండాల ఈగలు పాతదనాన్ని పంచుకుంటున్నాయి తప్ప దారిని కాదు. ఈ తేడాను కీటక శాస్త్రానికి నేర్పిన విల్లీ హెన్నిగ్ స్వయంగా 1960లలో బాల్టిక్ అంబర్ ఈగల మీద పనిచేసినవాడే. అతని తర్వాత రాసేవాళ్లు ఈ ప్రశ్నను వ్యాఖ్యలో ఒక పేరా నిండా ఎదుర్కోవాలి. ఇక్కడ భూగోళం మీద చూపించిన ఉత్సాహం ఆ పేరాకు దక్కలేదనిపించింది. మ్యూనియేను తొండం లాగినట్టు వీళ్లను ఖండాలు లాగాయి. ఒకటి తేడా: మ్యూనియేను కాదనడానికి తర్వాతివాళ్లు చాలా శ్రమపడాలి, వీళ్లను కాదనడానికి కావాల్సిన ఫొటోలు, కొలతలు వీళ్ల వ్యాసంలోనే, డబ్బు కట్టకుండా ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉన్నాయి.

రాబ్సనోమియా హెన్నింగ్సెనీది వేరే సౌలభ్యం. కెరోప్లాటిడే కుటుంబానికి చెందిన ఈ ప్రజాతిని 1980లో మాటిల్, వాకెరోత్ నెలకొల్పారు. ఇప్పుడు బతికున్నవి రెండే జాతులు, ఒకటి జపాన్‌లో, ఒకటి కాలిఫోర్నియాలో. మూడోది దాదాపు 4 కోట్ల ఏళ్లనాటి బాల్టిక్ అంబర్‌లో, అంటే యూరప్‌లో, తేలింది. పేరు డేనిష్ అంబర్ సేకర్త హెన్నింగ్సెన్ మీద పెట్టారు. సముద్రపొడ్డున ఏరి దాచినవాడి ఓపిక లేకపోతే శాస్త్రజ్ఞుడి మైక్రోస్కోపు కింద పెట్టడానికి ఏమీ ఉండదు, కాబట్టి పేర్లలో ఇలాంటి మర్యాద నాకు సమ్మతమే.

పనితనంలో చూస్తే ముగ్గురిలో కంటిచూపు బాగా ఉన్నది ఈ బృందానిదే. కీటకపు పై తొడుగుకు లేజర్ కాంతి తగిలితే తనంతట తాను వెలుగుతుంది. ఆ వెలుగును కాన్‌ఫోకల్ మైక్రోస్కోపుతో పొరలు పొరలుగా పట్టుకుని మగ ఈగ జననాంగాల నిర్మాణాన్ని బయటికి తెచ్చారు. పుట్టగొడుగు ఈగల్లో జాతి నిర్ణయానికి ఆఖరి మాట చెప్పేవి సాధారణంగా అవే. రెక్క కుటుంబాన్నీ ప్రజాతినీ చెబుతుంది, మగ జననాంగం జాతిని చెబుతుంది. మ్యూనియే కాలంలో ఆ భాగం దగ్గర చాలాసార్లు పాలపొరకు దండం పెట్టి తప్పుకోవాల్సిందే.

అయినా రాతలో దీన్ని కాంబే వ్యాసం కంటే ఒక మెట్టు కింద పెడతాను. బతికున్న బంధువులు చేతిలో ఉండడం వల్ల వీళ్లకు గట్టి ప్రశ్న ఎదురుకాలేదు. ప్రజాతి ఏదన్న తగువు లేదు, దానిలో కొత్త జాతి అవునా కాదా అన్నదే మిగిలింది. మిగతా ఆసక్తి అంతా ఆ విచిత్ర విస్తరణ మీద ఉండాలి: జపాన్, కాలిఫోర్నియా, నడుమ ఏమీ లేదు, ఇప్పుడు యూరప్. బాల్టిక్ అంబర్‌లో దొరికి ఇప్పుడు తూర్పాసియాలోనో ఉత్తర అమెరికాలోనో మాత్రమే మిగిలిన జీవులు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఈ ఈగ ఆ వరసలో మరో ఉదాహరణా, లేక ఆ వరస గురించి మనం ఇన్నాళ్లూ అనుకున్నదాన్ని కాస్తయినా మారుస్తుందా? చిత్రాలు చూపించడంలో ఉన్న శ్రద్ధ ఈ ప్రశ్నను పిండడంలో కనబడలేదు. కెమెరా అద్భుతంగా ఉన్నప్పుడు రచయిత మాట తగ్గించుకోవడం ఈమధ్య తరచు చూస్తున్నాం. ఫొటో ఒక కోణాన్ని చూపిస్తుంది, అందులో ఏది ముఖ్యమో చెప్పదు. గీసిన రెక్క బొమ్మ చెబుతుంది. గీసేవాడు ప్రతి ఈనె దగ్గరా ఆగి, ఉందో లేదో తేల్చుకోక తప్పదు. అందుకే ఫొటో పక్కన గీతబొమ్మ కూడా ఇచ్చే వర్ణనకు నేను ఎప్పుడూ రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

ఈ మూడింటిని వేర్వేరు గుంపుల ఈగల మీద రాసిన రచనలుగానే ఇంతదాకా మాట్లాడాను: రెండు లైగిస్టొరైనిడేవి, ఒకటి కెరోప్లాటిడేది. 2017 వ్యాసం శీర్షికలోనే లైగిస్టొరైనిడే కుటుంబం పేరు ఉంది. కానీ 2020లో ‘ఇన్సెక్ట్స్’ పత్రికలో మాంటిచ్ బృందం ఈ ఈగల డి.ఎన్.ఎ. పోల్చి, లైగిస్టొరైనిడ్లు విడి కుటుంబం కాదు, కెరోప్లాటిడేలో ఒక ఉపకుటుంబం అని వర్గీకరణ మార్చింది. ఆ బృందంలో బ్లాగొదెరోవ్ ఉన్నాడు, 2004 నాటి గ్నోరిస్టే పేర్ల వెనక ఉన్నవాడే. రాబ్సనోమియా వ్యాసం మీద కూడా అతని సంతకం ఉంది. ఆ మార్పును ఒప్పుకుంటే మ్యూనియే ఈగ 116 ఏళ్లలో మరోసారి ఇల్లు మారి, రాబ్సనోమియా ఉన్న ఇంట్లోకే వచ్చి చేరినట్టు. కాంబే వ్యాసం శీర్షిక మూడేళ్లకే పాతబడింది. లోపలి రెక్క బొమ్మల్లో మాత్రం ఒక్క ఈనె కూడా దిద్దాల్సిన పని పడలేదు.